చవక వేసవి టైర్లు రోజువారీ ప్రయాణంలో ఎలా పనిచేస్తాయి: కొనడం నుంచి అరిగేదాకా సమగ్ర మార్గదర్శి

ఎండిన రోడ్డు మీద, మితమైన వేగంతో, తిన్నగా వెళ్తున్న కారుకు ఖరీదైన టైర్లు ఉన్నాయో చవక టైర్లు ఉన్నాయో నడిపేవారిలో చాలామంది చెప్పలేరు. చవక టైర్ల గురించి ‘బాగానే ఉన్నాయి’ అన్న మాట అంత తరచుగా వినిపించడానికి కారణం ఇదే. రోజువారీ ప్రయాణంలో సింహభాగం అలాంటి పరిస్థితుల్లోనే గడిచిపోతుంది. తేడా బయటపడేది మిగిలిన కొద్ది క్షణాల్లో: వాన పడుతుండగా ముందున్న బండి హఠాత్తుగా ఆగినప్పుడు, మలుపులో నీరు నిలిచి ఉన్నప్పుడు, ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల పొర) సగానికి పైగా అరిగాక మళ్లీ వానలు మొదలైనప్పుడు. కాబట్టి చవక టైరును తూచవలసింది తడి రోడ్డు మీద, అదీ కొత్తగా ఉన్నప్పుడు ఒకసారి, అరిగాక మరొకసారి. ఈ మార్గదర్శిలోని దశలన్నీ ఆ తూకం కోసమే.

ముందుగా ఒక మాట స్పష్టం కావాలి. ‘వేసవి టైరు’ అంటే ఎండాకాలంలో మాత్రమే వాడే టైరు అని అర్థం కాదు. మంచు కోసం ప్రత్యేకంగా తయారు చేయని మామూలు టైరుకే ఆ పేరు. దాని రబ్బరు మిశ్రమం వెచ్చని వాతావరణంలో తన గట్టిదనాన్ని నిలుపుకుంటూ పట్టు ఇచ్చేలా తయారవుతుంది. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిన కొద్దీ ఆ మిశ్రమం బిగుసుకుపోయి పట్టు తగ్గుతుంది. మంచు మీద అది దాదాపు పనికిరాదు. ఈ పరిమితి ఖరీదైన వేసవి టైరుకూ ఉంది, చవక టైరుకూ ఉంది.

మొదటి దశ: కారు ఏం అడుగుతోందో తెలుసుకోవడం

డ్రైవరు వైపు తలుపు చట్రం మీద గానీ, ఇంధన ట్యాంకు మూత లోపల గానీ, కారుతో వచ్చిన పుస్తకంలో గానీ టైరు కొలత, గాలి ఒత్తిడి రాసి ఉంటాయి. ఉదాహరణకు ‘205/55 ఆర్ 16 91 వి’ అని ఉందనుకుందాం. 205 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం. ఆర్ అంటే రేడియల్ నిర్మాణం. 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో. వీటిని అందరూ సరిచూస్తారు. చవక టైరు కొనేటప్పుడు చాలామంది దాటేసేవి ఆ తర్వాతి రెండూ. 91 అనేది భార సూచిక, అంటే ఒక్కో టైరు 615 కిలోల వరకు మోయగలదు. ‘వి’ అనేది వేగ సూచిక, అంటే గంటకు 240 కి.మీ. వరకు. ‘టి’ అయితే 190, ‘హెచ్’ అయితే 210, ‘డబ్ల్యు’ అయితే 270.

కారు తయారీదారు చెప్పినదానికంటే భార సూచిక తక్కువున్న టైరును ఎంత తక్కువకు వచ్చినా తీసుకోకూడదు. వేగ సూచిక విషయంలో ‘మనం ఎలాగూ 200 దాటం కదా’ అన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఆ అక్షరం వేగాన్నే కాక, వేడిని తట్టుకునే శక్తిని కూడా తెలుపుతుంది. నిండా సామాను, నలుగురు మనుషులు, వేడెక్కిన రోడ్డు, కాస్త తగ్గిన గాలి, ఇవన్నీ ఒకేసారి కలిసినప్పుడు ఆ అదనపు శక్తి అక్కరకు వస్తుంది. ‘ఎక్స్‌ఎల్’ అని ఉన్న టైరు ఎక్కువ బరువు మోయగలదన్నది నిజమే, కానీ అందుకు తగినంత ఎక్కువ గాలి పెట్టినప్పుడే. మామూలు టైరు సరిపోయే కారుకు అది వేస్తే ప్రయాణం కాస్త గట్టిగా అనిపించవచ్చు.

రెండవ దశ: ‘చవక’ అన్న మాట వెనక ఎవరున్నారో చూడటం

చవక టైర్లన్నీ ఒక్క కోవకు చెందినవి కావు. పెద్ద కంపెనీలు తమ ప్రధాన పేరుకు దిగువన రెండు మూడు మెట్లలో వేరే పేర్లు నడుపుతాయి. మిషెలిన్ గొడుగు కింద క్లెబెర్, టిగర్, కొర్మొరాన్ వంటివి ఉన్నాయి. కాంటినెంటల్ కింద సెంపెరిట్, బారుమ్, మాటడోర్. గుడ్‌ఇయర్ కింద ఫుల్డా, సావా, డెబిత్సా. బ్రిడ్జ్‌స్టోన్ కింద ఫైర్‌స్టోన్, డేటన్. హాంకూక్ కింద లాఫెన్. ఇలాంటి టైరును ఎంచుకునేవారికి నాణ్యతా నియంత్రణ, కొలతల్లో కచ్చితత్వం, మాతృ సంస్థ ప్రయోగశాలల అనుభవం కొంతైనా అందుతాయి. తాజా రబ్బరు మిశ్రమం మాత్రం సాధారణంగా ఖరీదైన పేరుకే దక్కుతుంది.

రెండో కోవ, ఏ పెద్ద సంస్థకూ చెందని స్వతంత్ర తయారీదారులు. వీటిలో నిజంగా మంచివీ ఉన్నాయి, తడి రోడ్డు మీద భయపెట్టేవీ ఉన్నాయి. పేరు చూసి ఊహించడం కుదరదు కాబట్టి కొలతలు చూడాలి. మూడో కోవ, ఒకే కర్మాగారంలో తయారై పది పేర్లతో అమ్ముడయ్యే టైర్లు. ట్రెడ్ నమూనా అచ్చు ఒకేలా ఉండి పేరు మాత్రం మారుతుంటే ఈ అనుమానం రావాలి. దీనిలో మోసం ఉండాలనేమీ లేదు. అయితే ఒక పేరు మీద వచ్చిన మంచి పరీక్షా ఫలితాన్ని మరో పేరుకు అంటగట్టకూడదు, ఎందుకంటే పైకి కనిపించే నమూనా ఒకటే అయినా లోపలి మిశ్రమం వేరు కావచ్చు.

మూడవ దశ: లేబుల్‌లో తడి పట్టును ముందు చదవడం

టైరు రూపకల్పనలో ఒక పాత చిక్కుముడి ఉంది. తడి పట్టు, తక్కువ దొర్లుడు నిరోధం (అంటే తేలికగా దొర్లడం), మన్నిక, ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. టైరు దొర్లుతున్నప్పుడు రోడ్డుకు తగిలే భాగం ప్రతి చుట్టుకూ ఒకసారి నలిగి మళ్లీ సాగుతుంది. గంటకు 80 కి.మీ. వేగంలో ఇది సెకనుకు సుమారు 11 సార్లు జరుగుతుంది. ఆ నలుగుడులో రబ్బరు ఎంత శక్తిని వేడిగా పోగొడితే ఇంధనం అంత వృథా అవుతుంది. బ్రేకు వేసినప్పుడు జరిగేది వేరు: రోడ్డు ఉపరితలంలోని సూక్ష్మమైన గరుకుదనం మీద రబ్బరు సెకనుకు వేల సార్లు నలుగుతుంది, అక్కడ రబ్బరు శక్తిని పోగొట్టడమే పట్టుగా మారుతుంది. అంటే నెమ్మదిగా నలిగేటప్పుడు పిసినారిగానూ, వేగంగా నలిగేటప్పుడు ధారాళంగానూ ఉండే రబ్బరు కావాలి. కార్బన్ బ్లాక్‌కు (నల్లటి మసి పొడికి) బదులు సిలికాను (ఇసుకలోని ఖనిజాన్ని) ప్రధానంగా వాడే మిశ్రమాలు 1990లలో ఈ చిక్కును చాలావరకు విప్పాయి. మిషెలిన్ 1992లో ఆ దారి తెరిచింది. కానీ సిలికాను రబ్బరులో సమంగా కలపడానికి ప్రత్యేక రసాయనాలూ, జాగ్రత్తగా నియంత్రించిన మిక్సింగూ కావాలి, దానికి ఖర్చవుతుంది. ఖర్చు తగ్గించుకోవలసిన తయారీదారుకు తేలికైన దారి గట్టి రబ్బరు. అది ఎక్కువ కాలం మన్నుతుంది, తేలికగా దొర్లుతుంది, ఎండలో బాగానే ఆగుతుంది, తడిలో జారుతుంది. చాలా చవక టైర్ల స్వభావం ఈ ఒక్క ఎంపికతోనే తేలిపోతుంది.

ఐరోపా సమాఖ్య లేబుల్ ఇక్కడ ఉపయోగపడుతుంది. 2021 మే 1 నుంచి అమలులో ఉన్న ప్రస్తుత రూపంలో ఇంధన పొదుపుకు, తడి పట్టుకు విడివిడిగా ఎ నుంచి ఇ వరకు తరగతులు ఉంటాయి. బయటి శబ్దం డెసిబెళ్లలో ఉంటుంది. తడి పట్టును ఒక ప్రామాణిక టైరుతో పోల్చి కొలుస్తారు: ఆ పోలిక 1.55 లేదా అంతకు మించితే ఎ, 1.40 నుంచి 1.54 వరకు బి, 1.25 నుంచి 1.39 వరకు సి, 1.10 నుంచి 1.24 వరకు డి, అంతకంటే తక్కువైతే ఇ. లేబుల్ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో చూస్తే సమాఖ్య డేటాబేస్‌లో ఆ మోడల్ వివరాలు కనిపిస్తాయి. ఐరోపాలో అమ్మని టైరుకు ఈ లేబుల్ ఉండకపోవచ్చు. అప్పుడు సైడ్‌వాల్ మీద అమెరికా పద్ధతి గుర్తులు ఉన్నాయేమో చూడాలి: ట్రెడ్‌వేర్ (మన్నిక) అంకె, ట్రాక్షన్‌కు (పట్టుకు) ఏఏ, ఎ, బి, సి, టెంపరేచర్‌కు (వేడిని తట్టుకోవడానికి) ఎ, బి, సి. అక్కడ ట్రాక్షన్ అంటే తిన్నగా వెళ్తూ తడి మీద బ్రేకు వేసినప్పటి పట్టు మాత్రమే. మలుపులో పట్టునూ, నీటి మీద తేలిపోవడాన్నీ అది కొలవదు. ట్రెడ్‌వేర్ అంకెను తయారీదారే ప్రకటిస్తాడు కాబట్టి ఒక కంపెనీ 400నూ మరో కంపెనీ 400నూ ఒకే తక్కెడలో వేయడం నాకు సరైనదిగా తోచదు.

తడి పట్టు బాగా తగ్గితే ఏమవుతుందన్న ప్రశ్నకు చిన్న లెక్క సమాధానం చెబుతుంది. తడి రోడ్డు మీద ఒక టైరు ఘర్షణ గుణకం (పట్టు ఎంతో తెలిపే అంకె) 0.8, మరొకదానిది 0.6 అనుకుందాం. గంటకు 80 కి.మీ. వేగం నుంచి పూర్తి బ్రేకు వేస్తే మొదటి కారు సుమారు 31.5 మీటర్లలో ఆగుతుంది, రెండవది సుమారు 42 మీటర్లలో. పది మీటర్లే కదా అనిపిస్తుంది. అయితే మొదటి కారు పూర్తిగా ఆగిన చోటికి వచ్చేసరికి రెండవ కారు ఇంకా గంటకు 40 కి.మీ. వేగంతో కదులుతూ ఉంటుంది. వేగం చివరి మీటర్లలోనే ఎక్కువగా తగ్గుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. ఢీకొనడం జరిగితే దాని తీవ్రతను నిర్ణయించేది దూరంలోని ఆ పది మీటర్లు కాదు, మిగిలిపోయిన ఆ వేగం.

కాబట్టి నా సలహా సూటిగా ఉంటుంది: చవక టైర్లలో తడి పట్టు ఎ లేదా బి ఉన్నవాటినే వేరు చేసుకుని, ఆ జాబితాలోంచి మాత్రమే ధర చూడాలి. ఇంధన తరగతిని ఆ తర్వాతే పట్టించుకోవాలి. దొర్లుడు నిరోధం పది శాతం తగ్గితే ఇంధన వినియోగం ఒకటి రెండు శాతం తగ్గుతుందన్నది స్థూలమైన లెక్క. వంద కి.మీ.కు 6 లీటర్లు తాగే కారు 40,000 కి.మీ.లో 2,400 లీటర్లు ఖర్చు చేస్తుంది. అందులో 3 శాతం అంటే 72 లీటర్లు. చవక టైరు మీద మిగిల్చామనుకున్న సొమ్ములో కొంత ఇలా కరిగిపోవచ్చు గనుక సమానమైన తడి పట్టు ఉన్న రెంటిలో ఇంధన తరగతి మెరుగైనదాన్ని తీసుకోవడం తెలివైన పని.

స్వతంత్ర పరీక్షలు లేబుల్ కంటే ఎక్కువ చెబుతాయి. జర్మనీ వాహన సంఘం ఏడీఏసీ వంటి సంస్థలు ఏటా కొన్ని కొలతల్లో టైర్లను కొని పరీక్షిస్తాయి. 2023 నుంచి ఏడీఏసీ తన మార్కుల్లో 70 శాతాన్ని నడక భద్రతకు, 30 శాతాన్ని మన్నికతో కూడిన పర్యావరణ అంశాలకు కేటాయిస్తోంది. ఇలాంటి ఫలితాలు చదివేటప్పుడు మొత్తం ర్యాంకును వదిలేసి తడి బ్రేకింగ్ అంకె దగ్గరకు నేరుగా వెళ్లాలి. మీ కొలతకు దగ్గరి కొలతలో జరిగిన పరీక్షనే నమ్మాలి, ఎందుకంటే ఒకే మోడల్ వేరే కొలతలో వేరుగా ప్రవర్తించవచ్చు.

నాలుగవ దశ: తయారీ తేదీ, బయటి లోపాలు

సైడ్‌వాల్ మీద ‘డాట్’ అక్షరాల వరుస చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారం. అమ్మకం నెమ్మదిగా ఉండే పేర్ల టైర్లు గోదాములో ఎక్కువ కాలం పడి ఉండే అవకాశం ఉంది కనుక నాలుగింటి తేదీలూ చూడాలి. చీకట్లో, చల్లగా నిల్వ ఉన్న ఏడాది రెండేళ్ల టైరుతో ఇబ్బంది లేదు. అంతకంటే పాతదైతే వద్దనడమే మేలు. బిగించే ముందు సైడ్‌వాల్ మీద ఉబ్బులు, బీడ్ అంచులో (రిమ్ముకు పట్టి ఉండే అంచులో) చిరుగులు, ట్రెడ్ మీద గాలి బుడగల వంటి గుంటలు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడాలి.

ఐదవ దశ: బిగింపు

నాలుగూ ఒకేసారి మార్చడం ఉత్తమం. రెండే మారిస్తే, కారు ముందు చక్రాలతో నడిచేదైనా సరే, కొత్తవాటిని వెనక ఇరుసుకే వేయాలి. ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, స్టీరింగ్‌లో ఆ సంగతి తెలుస్తుంది, వేగం తగ్గిస్తే తిరిగి లొంగుతుంది. వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని సరిదిద్దుకోవడం మామూలు డ్రైవరుకు సాధ్యం కాదు. ఒకే ఇరుసు మీద రెండు వేర్వేరు మోడళ్లు ఎప్పుడూ ఉండకూడదు.

ట్రెడ్ బాణం గుర్తు ఉన్నదైతే బాణం ముందుకు తిరిగే దిశలో ఉండాలి; ‘అవుట్‌సైడ్’ అని రాసి ఉంటే ఆ వైపు బయటికి కనిపించాలి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన చోటుకు గుర్తు, సాధారణంగా దాన్ని వాల్వు దగ్గరికి వచ్చేలా బిగిస్తారు. చక్రం బ్యాలెన్స్ చేయడానికి ఎన్ని గ్రాముల తూకాలు పట్టాయో అడిగి రాసుకోండి. టైరు ఎంత సమంగా తయారైందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక చక్రానికి మిగిలినవాటి కంటే మరీ ఎక్కువ బరువు కావలసి వస్తే, ఆ టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ కొలవమనాలి. అప్పటికీ తగ్గకపోతే ఆ టైరును మార్చమని అడగడంలో తప్పు లేదు. చక్రాల నట్లను తయారీదారు చెప్పిన బిగువుతో బిగించి, 50 నుంచి 100 కి.మీ. తర్వాత మరోసారి చూడాలి. పాత టైర్లు ఒక అంచున అరిగి ఉంటే వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించకుండా కొత్తవి వేయడం దండగ.

ఆరవ దశ: మొదటి 300 కి.మీ.

అచ్చులోంచి టైరు తేలికగా ఊడి రావడానికి పూసిన పదార్థం ట్రెడ్ పైపొర మీద కొంత మిగిలి ఉంటుంది. అది పోయేదాకా, పొరలు సర్దుకునేదాకా, సుమారు 300 కి.మీ. వరకు గట్టి బ్రేకులు, వేగంగా మలుపులు తిప్పడం మానుకోవాలి. ఈ దూరం పూర్తి కాకముందే టైరు మీద తీర్పు చెప్పకూడదు. అరిగిన పాత టైర్ల నుంచి మారినప్పుడు కారు కాస్త మెత్తగా, మందంగా మలుపు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. దానికి కారణం లోతైన కొత్త ట్రెడ్ దిమ్మలు కదలడమే కానీ లోపం కాదు.

ఏడవ దశ: మీ కారు మీద మీరే పరీక్షించడం

ఎండ రోడ్డు మీద మొదలుపెట్టండి. గంటకు 80 నుంచి 110 కి.మీ. మధ్య స్టీరింగ్ వణుకుతోందంటే బ్యాలెన్సింగ్ సరిలేదు లేదా టైరు గుండ్రంగా లేదు. స్టీరింగ్‌ను మధ్య నుంచి కొద్దిగా కదిపినప్పుడు కారు వెంటనే స్పందిస్తోందా, లేక క్షణం ఆగి అకస్మాత్తుగా తిరుగుతోందా అన్నది గమనించండి. చాలా చవక టైర్లలో సైడ్‌వాల్ మెత్తదనం వల్ల ఈ జాప్యం ఉంటుంది. రోజువారీ నడకకు అది పెద్ద అడ్డంకి కాదు, కానీ హఠాత్తుగా పక్కకు తప్పుకోవలసి వచ్చినప్పుడు కారు రెండు సార్లు ఊగుతుందని ముందే తెలిసి ఉండటం మంచిది.

ఆ తర్వాత తడి పరీక్ష. దీన్ని ఎవరూ లేని విశాలమైన, అనుమతి ఉన్న ఆవరణలోనే చేయాలి. రద్దీ రోడ్డు మీద ఎప్పుడూ చేయకూడదు. ఏబీఎస్ (బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో, ఫోన్ జీపీఎస్ చూపే 50 కి.మీ. వేగంతో ఒక గుర్తు దగ్గరికి వచ్చి బ్రేకును పూర్తిగా తొక్కి, ఆగిన దూరాన్ని అడుగులతో కాకుండా టేపుతో కొలవాలి. మూడు సార్లు చేసి సగటు తీసుకోవాలి. పై లెక్క ప్రకారం 0.8 గుణకం ఉంటే సుమారు 12 మీటర్లు, 0.6 ఉంటే 16 మీటర్లకు కాస్త పైన వస్తుంది. రోడ్డు ఉపరితలాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి కనుక అదే ఆవరణలో, అదే టైరుకు, ఏడాది తర్వాత మళ్లీ కొలిచి పోల్చుకోవడంలోనే అసలు ప్రయోజనం ఉంది. మొదటిసారి నేను ఇలా కొలిచినప్పుడు, లోపల కూర్చుని నేను వేసిన అంచనాకూ టేపు చూపినదానికీ మధ్య నాలుగు మీటర్ల తేడా వచ్చింది. బ్రేకు బాగా పడిందన్న భావన కొలత కాదని అప్పుడు అర్థమైంది.

పట్టు ఎంత ఉందన్నదానితో పాటు అది ఎలా వదులుతుందన్నది కూడా గమనించాలి. మంచి టైరు తడి మలుపులో పట్టు వదిలే ముందు స్టీరింగ్ తేలికపడటం ద్వారా హెచ్చరిస్తుంది. కొన్ని చవక టైర్లు పరిమితి దాకా ధీమాగా ఉండి ఒక్కసారిగా జారతాయి. రెండో రకమని తేలితే తడి మలుపుల్లో వేగాన్ని శాశ్వతంగా తగ్గించుకోవడం తప్ప మార్గం లేదు. ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ దీపం మునుపటి టైర్లతో పోలిస్తే అదే దారిలో తరచుగా వెలుగుతోందా అన్నది ఇంకో నమ్మకమైన ఆనవాలు.

శబ్దం సంగతి క్లుప్తంగా. లేబుల్‌లోని డెసిబెళ్లు కారు పక్కన నిలబడినవారికి వినిపించేవి, లోపల కూర్చున్నవారికి కాదు. మూడు డెసిబెళ్లు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపవుతుంది. గరుకు రోడ్డు మీద లోపలి గుర్రుమనే మోత కొన్ని చవక టైర్లలో మొదటి రోజు నుంచీ ఉంటుంది, మరికొన్నింటిలో సగం అరిగాక మొదలవుతుంది.

ఎనిమిదవ దశ: గాలి ఒత్తిడి

చవక టైరుకు గాలి సరిగా లేకపోతే దాని బలహీనతలన్నీ రెట్టింపవుతాయి. ఒత్తిడిని బండి కనీసం మూడు గంటలు నిలిపి ఉంచాక, చల్లగా ఉన్నప్పుడు, నెలకోసారీ దూర ప్రయాణానికి ముందూ చూడాలి. ఏ లోపమూ లేని టైరు నుంచి కూడా నెలకు సుమారు ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) వరకు తగ్గుతుంది. వాతావరణం 5 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే మరో పీఎస్‌ఐ తగ్గుతుంది. పెట్టవలసిన ఒత్తిడి తలుపు చట్రం మీద రాసినదే. టైరు సైడ్‌వాల్ మీద ఉన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే.

నీటి మీద తేలిపోవడానికి, అంటే ఆక్వాప్లేనింగ్‌కు, ఒత్తిడితో నేరుగా సంబంధం ఉంది. 1960లలో నాసాలో విమానాల చక్రాల మీద జరిగిన పరిశోధనలో ఒక సూత్రం తేలింది: టైరు తేలిపోవడం మొదలయ్యే వేగం, నాట్లు అనే వేగ కొలమానంలో, పీఎస్‌ఐలో ఉన్న ఒత్తిడి వర్గమూలానికి 9 రెట్లు. దీన్ని కిలోమీటర్లలోకి మారిస్తే 32 పీఎస్‌ఐ వద్ద గంటకు సుమారు 94 కి.మీ., 24 పీఎస్‌ఐ వద్ద సుమారు 82 కి.మీ. కారు టైరుకు ట్రెడ్ గాడులు, నీటి లోతు, వెడల్పు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఈ అంకెలను దిశ చూపేవిగానే తీసుకోవాలి. అయినా ఎనిమిది పీఎస్‌ఐ నిర్లక్ష్యం గంటకు పన్నెండు కిలోమీటర్ల భద్రతను తినేస్తుందన్న సంగతి స్పష్టమే.

గాడులు చేసే పని ఎంత పెద్దదో కూడా ఒకసారి లెక్కవేయండి. రోడ్డు మీద 3 మి.మీ. నీరు నిలిచి, ట్రెడ్ వెడల్పు 17 సెం.మీ. ఉంటే, గంటకు 80 కి.మీ. వేగంలో ఒక్కో ముందు టైరు సెకనుకు సుమారు 11 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. నెట్టలేకపోతే ఆ నీరే టైరును పైకి ఎత్తుతుంది. అలా తేలినప్పుడు స్టీరింగ్ తిప్పకుండా, బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటర్ వదిలేసి వేగం తగ్గేదాకా తిన్నగా పట్టుకోవడమే చేయవలసిన పని.

తొమ్మిదవ దశ: అరుగుదలను రాసుకుంటూ వెళ్లడం

చవక టైరు గురించి నిజం తేలేది ఇక్కడే. కొత్త వేసవి టైరుకు సాధారణంగా 8 మి.మీ. దరిదాపుల్లో ట్రెడ్ లోతు ఉంటుంది, కొన్నింటికి 7 మి.మీ. మాత్రమే ఉంటుంది. బిగించిన రోజే లోతు కొలిచే పరికరంతో ప్రతి టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు కొలిచి రాసుకోవాలి. తర్వాత ప్రతి 5,000 కి.మీ.కు ఒకసారి కొలవాలి. మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ పెడుతున్నట్టు; రెండంచులూ అరిగితే గాలి తక్కువ; ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ తప్పినట్టు. అంచు దిమ్మల మీద చేయి ఒక దిశలో నున్నగా, మరో దిశలో గరుకుగా తగిలితే అది రంపపు పళ్ల అరుగుదల. కొద్ది వారాల్లో మోత మొదలవుతుంది. ప్రతి 8,000 నుంచి 10,000 కి.మీ.కు ముందు వెనక చక్రాలను మార్చుతూ ఉంటే ఇది చాలావరకు ఆగుతుంది.

చాలా దేశాల్లో చట్టం అనుమతించే కనీస లోతు 1.6 మి.మీ. గాడుల అడుగున ఉండే చిన్న గట్లు ఆ ఎత్తుకే ఉంటాయి. వేసవి టైరును 3 మి.మీ. దగ్గరే మార్చాలన్నది చాలా వాహన సంఘాల సలహా. మంచి టైరును 1.6 దాకా వాడుకోవచ్చని, ముందే పారేయడం పర్యావరణానికి వృథా అని మిషెలిన్ వంటి తయారీదారు వాదిస్తున్నాడు. ఆ వాదనలో బలముంది, కానీ అది అరిగాక కూడా పట్టు నిలుపుకునేలా రూపొందించిన టైరుకు వర్తిస్తుంది. కొత్తగా ఉన్నప్పుడే తడిలో అంతంత మాత్రంగా ఉన్న టైరుకు ఆ వెసులుబాటు ఇవ్వడం సరికాదు. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో అరిగిన స్థితిలో తడి పట్టును పరీక్షించాలన్న షరతు 2024 జూలై నుంచి కొత్తగా ఆమోదం కోరే మోడళ్లకు వచ్చింది. లేబుల్ మీది తరగతి మాత్రం కొత్త టైరు గురించే మాట్లాడుతుంది. అందుకే ఏడవ దశలోని బ్రేకు పరీక్షను 4 మి.మీ. దగ్గర మళ్లీ చేయమంటున్నాను. దూరం పావు వంతు పెరిగి ఉంటే, గాడుల్లో ఇంకా లోతు మిగిలి ఉన్నా, వానలు మొదలయ్యేలోగా టైరు మార్చుకోవాలి.

వయసు కూడా లెక్కే. తక్కువ తిరిగే కారుకు గట్టి రబ్బరు చవక టైరు వేస్తే ట్రెడ్ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది; ఈలోగా రబ్బరు ఇంకా బిగుసుకుంటుంది. ఐదేళ్లు దాటాక ఏటా నిపుణుడితో పరీక్ష చేయించాలి, పదేళ్లకు స్టెప్నీతో సహా తీసేయాలి. గుంతలో పడ్డాక సైడ్‌వాల్ ఉబ్బితే లోపలి తాళ్లు తెగినట్టే. దాన్ని అతుకు వేసి నడపరాదు.

పదవ దశ: మళ్లీ అదే కొనాలా అన్న నిర్ణయం

10,000 కి.మీ. తర్వాత 8 మి.మీ. నుంచి 6.9 మి.మీ.కు వచ్చిందనుకుందాం. అంటే పది వేలకు 1.1 మి.మీ. 3 మి.మీ. దగ్గర ఆపితే వాడుకోగల లోతు 5 మి.మీ., దానికి సుమారు 45,000 కి.మీ. వస్తుంది. నాలుగు టైర్ల ధర, బిగింపు, బ్యాలెన్సింగ్ ఖర్చులు కలిపి ఆ దూరంతో భాగించండి. ఖరీదైన టైరుకు కూడా అలాగే లెక్క కట్టి, రెంటి ఇంధన తేడాను కలపండి. చవక టైరు త్వరగా అరిగే రకమైతే కిలోమీటరు ఖర్చు దాదాపు సమానమై ఆదా మాయమవుతుంది. గట్టి రబ్బరు రకమైతే కిలోమీటరుకు నిజంగానే చవక పడుతుంది, కానీ మీ పుస్తకంలో రాసుకున్న రెండు తడి బ్రేకింగ్ దూరాలు ఆ ఆదాకు చెల్లించిన మూల్యాన్ని మీటర్లలో చూపిస్తాయి.

ఎక్కువగా పట్టణంలో, గంటకు 60 కి.మీ. లోపు, ఏడాదికి పది వేల కి.మీ.కు మించకుండా తిరిగే చిన్న కారుకు తడి పట్టు బి తరగతి ఉన్న చవక టైరు సబబైన ఎంపిక. బరువైన కారుకు, వానలో వేగంగా దూరాలు వెళ్లే కారుకు, కదలడం మొదలైన క్షణం నుంచే ఎక్కువ టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఇచ్చే విద్యుత్ కారుకు నేనైతే పెద్ద సంస్థల రెండో మెట్టు పేర్లలోంచి తీసుకుంటాను. ధరలో తేడా కొంతే ఉంటుంది, తడి బ్రేకింగ్ మాత్రం సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. ఉష్ణోగ్రత తరచుగా 7 డిగ్రీల కంటే కిందికి దిగే చోట, ఏడాదికి కొద్ది రోజులైనా మంచు పడే చోట, మూడు శిఖరాల పర్వతంలో మంచు రేకు గుర్తు ఉన్న టైర్లే చూడాలి. అక్కడ వేసవి టైరు ఏ ధరకైనా ఏడాది పొడవునా వాడేది కాదు.